రాంబాబుకి ఒక వన్స్ మోర్

నరసన్నపేట బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న రాంబాబుకి ఒక జబ్బుంది. మందుల్లేని జబ్బు. ఎవరు ఏం చెప్పినా "నిజవేనా?" అంటాడు. నమ్మక కాదు. నమ్మేసి, ఇంకాస్త తెలుసుకుందామని. "మా కుక్కరు పేలిపోయింది రాంబాబూ, కొత్తది సూపించు" అంటూ ఎవరైనా వస్తే, వేరే కొట్టువాడు వెంటనే నాలుగు కుక్కర్లు దించి ముందు పెడతాడు. ఈయన మాత్రం "నిజవేనా? మూత ఎటెగిరింది? లోపల పప్పు ఉన్నాదా, అన్నవా? గోడకేటైనా అంటుకున్నాదా?" అంటూ కూర్చుంటాడు. వచ్చినామె చెప్పీ చెప్పీ విసుగెత్తి పక్క కొట్టుకి పోతుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య భాగ్యవతి తల పట్టుకుంటుంది. "బేరం పోతే పోయింది, పప్పు గోడకంటుకున్నాదో నేదో తేలిపోవాల ఈయనకి" అంటుంది.

ఈ జబ్బుతో పాటు రాంబాబుకి ఒక కోరిక కూడా ఉంది. అది బయటికి చెప్పుకునేది కాదు. తను స్టేజీ మీద నిలబడి ఉండగా ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, జనం "వన్స్ మోర్" అని అరవాలి.

జబ్బూ కోరికా రెండూ ఒకే రోజు అంటుకున్నాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్న అరసవల్లి దగ్గర ఏదో పండక్కి నాటకం చూడ్డానికి తీసుకెళ్లాడు. రాజు వేషం వేసినాయన యుద్ధంలో దెబ్బ తిని, పెద్ద రాగం తీసి, పద్యం పాడి, దబ్బున పడి చచ్చిపోయాడు. జనమంతా "వన్స్ మోర్!" అని ఒకటే గోల. చచ్చిపోయిన రాజు లేచాడు. కిరీటం సర్దుకున్నాడు. అదే పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయాడు. రాంబాబు నాన్న చొక్కా పట్టుకుని లాగాడు.

"నాన్నా, ఆయన సచ్చిపోయేడు కదా, మరెలా లేచేడు?"

"జనం వన్స్ మోర్ అన్నారు కదరా."

"అయితే బతికిపోయినట్టేనా?"

"బతకడ్రా. మళ్లీ సస్తాడు. వన్స్ మోర్ అంటే అంతే. జరిగిందే మళ్లీ జరగాల."

ఇంటికొచ్చేదాకా రాంబాబు అదే ఆలోచించాడు. అంత దెబ్బ తిన్నవాడు, అంతమంది పిలిస్తే లేచాడే! ఆ పిలుపు తనకి కూడా రావాలనుకున్నాడు.

పెద్దయ్యాక నరసన్నపేట వర్తకుల నాటక సమాజంలో చేరాడు. అందులో అందరూ కొట్లవాళ్లే. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, రైసుమిల్లు. వారానికోసారి బజారు మూసే రోజున రైసుమిల్లు గోడౌన్లో రిహార్సళ్లు. రాంబాబు ఏ రోజూ మానలేదు. అయితే ఆయన గొంతు పాటకి పనికొచ్చేది కాదు, పద్యమెత్తుకుంటే రేకు మీద గరిటె గీకినట్టుండేది. అందుకని పద్యాల్లేని వేషాలు ఇచ్చేవారు. భటుడు, మంత్రి, పెళ్లికూతురి తండ్రి, పోలీసు. ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు, ఈలలేశారు, ఒకసారి వన్స్ మోర్ కూడా అన్నారు. రాంబాబు ఒక అడుగు ముందుకేశాడు. తీరా చూస్తే అది ఆయనకి కాదు, స్టేజీ ఎక్కి తోకాడించి వెళ్లిపోయిన కుక్కకి. ఆ కథ చెప్పుకుని నవ్వని వర్తకుడు నరసన్నపేటలో లేడు. రాంబాబు కూడా నవ్వుతాడు గానీ, ఆయన నవ్వు కళ్లదాకా రాదు.

అలాంటి మనిషికి యాభై దాటాక హీరో వేషం వచ్చింది.

అది తెచ్చినవాడు ప్రమోద్. బట్టల కొట్టు వాళ్ల అబ్బాయి. హైదరాబాదులో కొన్నాళ్లు సీరియళ్లకి అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేసి వచ్చాడు. చురుకైనవాడు, మాటకారి. సమాజం ఇన్నాళ్లూ ఆడుతున్న పాత నాటకాలన్నీ పక్కన పెట్టించి కొత్తది రాశాడు. పేరు "బూట్లు లేని కాళ్లు". స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా తిరగకుండా మన ఫుట్‌బాల్ జట్టు లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లి, బూట్లున్న ఫ్రాన్సు వాళ్ల మీద వట్టి కాళ్లతో ఆడిన ఆట కథ. అందులో హీరో కళింగం అనే ఆటగాడు.

హీరో వేషాలన్నీ ఎప్పుడూ రైసుమిల్లు కొండబాబువే. కానీ కొండబాబుకి షుగరు. డాక్టరు వట్టి కాళ్లతో గుమ్మం దాటొద్దన్నాడు. కాబట్టి కొండబాబు బూట్లేసుకుని ఫ్రాన్సు గోల్‌కీపర్ అయ్యాడు. కళింగం వేషం దొర్లుకుంటూ దొర్లుకుంటూ రాంబాబు దగ్గరికి వచ్చి ఆగింది. ఆటగాడికి ఇరవై నాలుగేళ్లు, రాంబాబుకి బొజ్జ. అదేం పెద్ద విషయం కాదు. పళ్లూడిన పెళ్లికొడుకుల్ని చూసి ఏడ్చిన జనం మనవాళ్లు.

"ఒరే ప్రమోదూ, ఈ కళింగం అనేవోడు నిజంగా ఉన్నాడేటి?" అన్నాడు రాంబాబు మొదటి రిహార్సల్లోనే.

"లేడు మావా. పేరు మనది. ఆట నిజం."

"ఆటంతా నిజవేనా?"

ప్రమోద్ నవ్వి ఊరుకున్నాడు. వాడికింకా రాంబాబు జబ్బు సంగతి పూర్తిగా తెలీదు.

తర్వాత తెలిసొచ్చింది. ప్రమోద్ ఆటగాళ్లకి నిగనిగలాడే నీలం శాటిన్ బనీన్లు కుట్టించాడు. "అప్పట్లో శాటిన్ తొడిగేవోరా?" అని రాంబాబు పొందూరు ఖద్దరు ముక్క ఒకటి తెచ్చి చూపించాడు. ప్రమోద్ దాన్ని కొండబాబు భుజాన వేసి, దూరంగా వెళ్లి చూసి, "ఇది తొడిగితే ఆటకొచ్చినట్టు ఉండదు మావా, జెయిలుకెళ్లడానికి వచ్చినట్టుంటాది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నిజం చెప్పాలంటే అలాగే ఉంది.

లండన్లో కళింగం కాలికి దెబ్బ తగిలితే తెల్ల నర్సు కట్టు కడుతుంది. ఆ వేషానికి విజయనగరం నుంచి నటి రాజకుమారిని పిలిచారు. కట్టు కట్టగానే ఇద్దరికీ ఒక పాట. పాడేది స్పీకరే కాబట్టి రాంబాబు పెదాలాడిస్తే చాలు.

"కాళ్లకి కట్లు కట్టుకుని ఆడేరన్నది నిజవేనటరా. మరి నర్సు?"

"కట్టున్నకాడ నర్సుండదేటి మావా?"

 ఏదైనా తేలకపోతే రాంబాబుకి నిద్ర పట్టదు. ఇంకో రోజు పట్టుకున్నాడు. "అది సరే గానీ, ఆ సీరియళ్లలో కూడా ఇలాగే సేసేవోరా?"

ప్రమోద్‌కి ఇష్టమైన సంగతి అది. ఉత్సాహంగా చెప్పాడు. వాళ్లు పాతకాలం ఒలింపిక్స్ పరుగుపందెం మీద ఒక సీరియల్ తీశారట. కథకి ఆధారమైన మనిషి నాలుగోవాడిగా వచ్చాడు. సీరియల్లో మాత్రం గీత దగ్గర కాలు ఎత్తించి, రెండు వారాలు ఆ కాలు దించకుండా నడిపి, ఆఖరికి బంగారు పతకం ఇచ్చేశారు. "ఒక్కడు ఫోన్ చేసి ఇదేటని అడిగేడా మావా? ఊళ్లకి ఊళ్లు ఏడ్సీసేయి."

రాంబాబు ఆలోచనలో పడ్డాడు. "మరి నిజంగా ఫస్టొచ్చినోడిని ఏటి సేసేరు?"

"ఎడిటింగ్‌లో తీసీసేం."

"అయ్యయ్యో," అన్నాడు రాంబాబు. ఎవరో ఏమిటో తెలియని ఆ మనిషి మీద ఆయనకి నిజంగానే జాలేసింది.

ఆ సాయంత్రం కూతురు సింధూరిని పక్కన కూర్చోబెట్టుకుని, లండన్ ఆట సంగతి ఫోనులో వెతికించాడు. సింధూరి డిగ్రీ చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగింది.

"నాన్నా, ఆ ఆట మనం ఓడిపోయేం. రెండు, ఒకటి. సమానంగా ఉన్నదల్లా ఆఖరి నిమిషాల్లో గోలు పడిపోయింది."

"నిజవేనా? పెనాల్టీ?"

"ఒకటి కాదు, రెండొచ్చేయి. రెండూ పోయేయి."

రాంబాబు ఫోను తీసుకుని, తనకి అర్థమైనా కాకపోయినా ఆ తెరని చాలాసేపు చూశాడు. నాటకంలో ఉన్నది ఒక్కటే పెనాల్టీ. ఆఖరి సీను. కళింగం తంతాడు, గోలు, మన జట్టు గెలుపు, తారాజువ్వ, తెర. ప్రమోద్ రెండింట్లో ఒకదాన్ని ఎగరగొట్టేసి, రెండోదాన్ని గోలు చేసేశాడన్నమాట.

"ఏటి సేస్తారు మరి?" అంది భాగ్యవతి చిక్కుళ్లు ఒలుస్తూ. "ప్రమోదుకి సెప్పి మార్పిస్తారా?"

"మార్పించాల కదా?"

"మార్పిస్తే మీ వన్స్ మోర్ పోతాది."

రాంబాబు ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఆమె తలెత్తకుండానే, "నాకు తెల్దనుకున్నారా? నిద్రలో కూడా వన్స్ మోర్ అని కలవరిస్తారు" అంది.

పెళ్లామంటే అదీ మరి. మనం దాచుకున్నామనుకున్నది వాళ్ల దగ్గర ఎప్పటినుంచో భద్రంగా ఉంటుంది.

ఏమైనా రాంబాబు అడక్కుండా ఉండలేకపోయాడు. ప్రమోద్ కాదనలేదు. వాడికి అంతా ముందే తెలుసు. "రెండూ పోయేయని నేనూ సదివేను మావా. కానీ ఒకటి ఆలోచించు. మనం ఆడేది సముద్రం ఒడ్డున, జాలరోళ్ల అమ్మవారి పండక్కి. ఈ యేడు ఏట సరిగ్గా సాగలేదు వాళ్లకి. ఎల్లిన బోటు ఎల్లినట్టే ఖాళీగా వచ్చీసింది ఎన్నోసార్లు. అలాంటోళ్లు పండగ పూట పిల్లా పీచూతో కూకుంటే, మనం ఎల్లి ఓడిపోయి సూపించాలా? ఒక్క పూటైనా గెలవనీ." వాడి గొంతులో ఎకసెక్కం లేదు. రాంబాబుకి అది సబబుగానే తోచింది. పైగా లోపల ఎక్కడో చిన్న సంతోషం. గోలు ఉంటుంది. గోలు ఉంటే ఆ మాట వస్తుంది. ఆ సంతోషాన్ని చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

కానీ జబ్బు జబ్బే. నిజం తెలిశాక ఇంకో పురుగు తొలచడం మొదలెట్టింది. గోలు కొట్టినవాడు ఎలా గంతులేస్తాడో టీవీలో రోజూ చూస్తున్నాం. మరి, అంత దూరం వెళ్లి, కొత్తగా వచ్చిన స్వాతంత్ర్యం పేరు చెప్పుకుని, వట్టి కాళ్లతో నిలబడి, పెనాల్టీ పోగొట్టుకున్నవాడు వెనక్కి ఎలా నడిచాడు? తల దించుకున్నాడా? పరిగెత్తాడా? నవ్వాడా? కొట్లో గిన్నెలు తుడుస్తూ, గిన్నె పట్టుకుని నాలుగడుగులు వేసి చూసేవాడు. నచ్చేది కాదు. మళ్లీ వేసేవాడు. బేరానికొచ్చినవాళ్లు ఈయనకేమైందోనని గుమ్మం దగ్గరే నిలబడిపోయేవారు.

పండగ వారం ఉందనగా, బజారు మూసిన రోజున, బస్సెక్కి నాటకం ఆడబోయే పేటకి వెళ్లాడు. కళింగపట్నానికి ఇవతల, ఇసకలో ఉన్న చిన్న పేట. వట్టి కాళ్లతో బంతి తన్నితే ఎలా ఉంటుందో చూద్దామన్నది ఒక వంక. పండగ పెద్ద అసిరయ్య ఒడ్డున కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. రాంబాబు చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, వెంట తెచ్చుకున్న బంతిని ఒక్క తన్ను తన్నాడు. బంతి నాలుగు బారలు పోయింది. బొటనవేలు ప్రాణం పోయినంత పని చేసింది. ఒంటికాలి మీద గెంతుతూ ఉంటే అసిరయ్య వల పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"ఏలితోటి తన్నకు బావూ. పాదం పక్కతోటి తోయాల. మా గుంటలు అలాగే తంతారు."

"మీకు కాళ్లు నెప్పెట్టవా?"

"ఎందుకు నెప్పెడతాయి? పుట్టిన కాడ్నుంచి ఉన్నయ్యే కదా!"

అప్పుడే ఒక బోటు ఒడ్డుకొచ్చింది. ఖాళీ బోటు. మనుషులు దిగారు, బోటుని ఇసకలోకి లాగారు, వల దులిపి భుజానేసుకుని ఇళ్లకేసి నడిచారు. రాంబాబు కళ్లార్పకుండా చూశాడు. తల దించుకోలేదు, ఎత్తుకోలేదు. మామూలుగా నడుస్తున్నట్టే ఉంది, మామూలుగా లేదు. ఎక్కడ తేడా ఉందో ఆయనకి అందలేదు.

"అలా ఒచ్చినప్పుడు ఎలాగుంటాది అసిరయ్యా?"

అసిరయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అది సెప్తే తెలిసీదేటి బావూ?" అని మళ్లీ వల అందుకున్నాడు. రెండు కన్నాలు కుట్టి తనే అడిగాడు. "ఇంతకీ మనోలు గెలుస్తారా నాటకంలో?"

"పండగనాడు సూద్దువుగాని," అని రాంబాబు చెప్పులు తొడుక్కున్నాడు. తిరుగు బస్సులో దారంతా ఆ జవాబు గుచ్చుకుంటూనే ఉంది.

పండగ వచ్చింది. పేటవాళ్లు మళ్లీ తెల్లారేలోగా సముద్రం మీదికి పోవాలి కాబట్టి, దీపాలు పెట్టే వేళకే నాటకం మొదలెట్టేశారు. ఇసకలో బల్లలు పరిచి స్టేజీ కట్టారు. దానికి కుడి చివర రెండు వెదురు గడలు పాతి, అసిరయ్య ఇచ్చిన పాత వల బిగించి గోలు తయారు చేశారు. నాటకంలో నికార్సయిన సరుకు అదొక్కటే. ఎడమ పక్క తెర చాటున ప్రమోద్ మైకు పట్టుకుని రేడియోవాడిలా ఆట చెబుతాడు. వాడు "గోల్" అనగానే వెనక తారాజువ్వలు అంటించాలి. ముందు వరసలో ఆడవాళ్లు, పిల్లలు. వాళ్ల మధ్యలో కాళ్లు బారజాపుకుని అసిరయ్య వాళ్ల పెద్దమ్మ మరిడమ్మ. ఆమె చేపల బేసిన్లు కొనేది రాంబాబు కొట్లోనే. చేపలమ్మి చేపలమ్మి ఆమె గొంతు సముద్రం అవతలికి వినపడేంత అయింది.

"అయ్యో, మన గిన్నెల బాబే!" అంది రాంబాబు స్టేజీ మీదికి రాగానే. పేటంతా నవ్వింది.

అయినా నాటకం రక్తి కట్టింది. శాటిన్ బనీన్లు మెరిశాయి. నర్సు పాటకి ఈలలు మోగాయి. ఫ్రాన్సు వాళ్ల మొదటి గోలుకి పిల్లలు తిట్లు లంకించుకున్నారు. మనవాళ్లు సమానం చేసినప్పుడు పెద్దవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఆఖరి సీను వచ్చింది. ప్రమోద్ గొంతు పెంచాడు. "పెనాల్టీ! భారతదేశానికి పెనాల్టీ! కళింగం ముందుకొస్తన్నాడు. కాళ్లకి బూట్లు లేవు!"

రాంబాబు బంతి పెట్టి వెనక్కి జరిగాడు. ఎదురుగా బూట్లేసుకున్న కొండబాబు. ఎడమ పక్కకి పడాలని మాట. బంతి కుడి పక్కనుంచి వల్లోకి పోవాలి. రిహార్సల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ వల వెనక ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన మాట కూర్చుని ఉంది.

సరిగ్గా అక్కడ ఆ పాడు జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు గోలు కొట్టేస్తే, ఆ మనిషి ఎలా నడిచాడో ఇక ఎప్పటికీ తెలీదు. గిన్నె పట్టుకుని కొట్లో ఎన్ని అడుగులేసినా తెలియలేదు. ఇంతమంది కళ్ల ముందు పోగొట్టుకుంటేనే తెలిసేది. నిజం కోసమా అంటే, అంత పెద్ద మాటలు ఆయనకి లేవు. తెలుసుకోకుండా ఉండలేడు, అంతే.

కావాలని పక్కకి తన్నాడు.

"గో..." అన్నాడు ప్రమోద్, అని గుటకేశాడు. ఆ సగం మాటకే వెనకున్నవాళ్లు తారాజువ్వలు అంటించేశారు. అవి రయ్యిమని లేచి సముద్రం మీద ఎర్రగా పచ్చగా విరిశాయి. జనమంతా తలెత్తి చూశారు. తల దించేసరికి బంతి వల బయట, ఇసకలో, తనకేం సంబంధం లేనట్టు పడి ఉంది.

 రాంబాబు వెనక్కి తిరిగి నడిచాడు. తల దించుకుని, భుజాలు వాల్చి, పాదాలు ఈడ్చుకుంటూ. రెండడుగులు వేశాడో లేదో తెలిసిపోయింది. ఇది కాదు. నటన. ఒడ్డున చూసినవాళ్లు ఇలా నడవలేదు. వన్స్ మోరూ పోయింది, తెలియాల్సిందీ తెలియలేదు. తనమీద తనకే ఒళ్లు మండింది.

"వన్స్ మోర్!"

ముందు ఆ మాట ఆయన చెవికెక్కలేదు. అలవాటుగా కుక్క ఉందేమోనని స్టేజీ నాలుగు వైపులా చూశాడు. లేదు. మరిడమ్మ లేచి నిలబడి ఉంది. "వన్స్ మోర్ బావూ! మల్లీ తన్ను! కొట్టీ ఈసారి!" ఆమె వెనక అసిరయ్య, అతని వెనక పేటకి పేట. "వన్స్ మోర్! వన్స్ మోర్!" సముద్రం హోరు కూడా వినపడకుండా పోయింది.

రాంబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ప్రమోద్ మామూలువాడు కాదు. ఒక్క క్షణంలో మైకు అందుకున్నాడు. "రిఫరీ ఈల ఏసేడు! భారతదేశానికి రెండో పెనాల్టీ! ఇది నిజం, అయ్యలారా, అమ్మలారా! ఆ రోజు నిజంగా రెండో పెనాల్టీ వచ్చింది!" మైకు మూసి, తెర చాటునుంచి, "ఇదైనా కొట్టు మావా, నీకు దణ్ణవెడతాను" అన్నాడు. కొండబాబు గోలులోంచి మెల్లగా, "ఒరే, ఇప్పుడు ఏ పక్కకి పడాల?" అన్నాడు.

 రాంబాబు జనాన్ని చూస్తున్నాడు. ముందు వరసలో పిల్లలు పిడికిళ్లు బిగించారు. మరిడమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. ఇంతమందికి ఇంత కావాలని ఉంటే కాదనడానికి తనెవడు? చరిత్ర ఏమైనా కానీ. కొట్టేస్తాను అనుకున్నాడు. ప్రమోద్ కోసం కాదు, వన్స్ మోర్ కోసం కాదు. వీళ్ల కోసం. మనసు నిండా అనుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకుంటూ వచ్చి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు.

ఆ ఊపులో అసిరయ్య చెప్పింది మరిచిపోయాడు. వేలితో తన్నాడు. బంతి వెళ్లి వెదురు గడకి ఠక్కుమని తగిలి, తిరిగొచ్చి, స్టేజీ దిగి, ఇసకలో దొర్లింది.

"అయ్యో!" అంది పేటంతా ఒక్క గొంతుతో. రాంబాబు నోట్లోంచి కూడా అదే మాట వచ్చింది. అది నాటకంలో లేదు. ఈసారి ఆయన తప్పాలనుకోలేదు.

వెనక్కి తిరిగాడు. బొటనవేలు భగ్గుమంటోంది. ఏడుపు రాలేదు, సిగ్గు రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలా వెళ్లకూడదు, ఇలా వెళ్లాలి అనేది ఏమీ తట్టలేదు. వెళ్లాలి కాబట్టి వెళ్లాడు. స్టేజీ మధ్యకి వచ్చాక గానీ, తను నడిచి వచ్చానని ఆయనకి తెలియలేదు.

"వన్స్ మోర్!" అన్నారు మళ్లీ జనం. ఈసారి ఇంకా గట్టిగా. "ఇంకోటి! ఇంకోటి తన్ను బాబూ!" ఎవరో బంతిని స్టేజీ మీదికి విసిరారు కూడా. అది దొర్లుకుంటూ వచ్చి రాంబాబు కాళ్ల దగ్గర ఆగింది. తెర చాటునుంచి ప్రమోద్ తన్నమని సైగ చేస్తున్నాడు.

రాంబాబు వంగి బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన పిలుపు ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలుస్తోంది. ఆయన బంతిని చంకలో పెట్టుకుని, స్టేజీ అంచుకి వచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"ఇంక పెనాల్టీలు నేవమ్మా. రెండే ఇచ్చేరు."

గోల మెల్లగా తగ్గింది. మరిడమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె మొహంలో కోపం లేదు, ఏదో తేల్చుకోవాలన్నట్టు చూస్తోంది.

"నిజవేనా బావూ?" అంది.

ఆ మాట అడిగించుకోవడం రాంబాబుకి కొత్త. "నిజవేనమ్మా. రెండూ పోయేయి. ఆట కూడా పోయింది."

"అంత దూరం ఎల్లి?"

"అంత దూరం ఎల్లే."

మరిడమ్మ గోలు వైపు చూసింది. "మరి ఆ గుంటడు ఎనక్కి ఎలాగెల్లేడో, పాపం," అంది.

రాంబాబు బంతిని కింద పెట్టాడు. గోలు దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడి, ఆమె వైపు చూశాడు.

"ఇలాగెల్లేడేమోనమ్మా," అన్నాడు.

నడిచి చూపించాడు. అసిరయ్యతో సహా పేటంతా కదలకుండా చూసింది. ఆ నడకకి మాత్రం వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.